ర్యామ్ పెంచాలా, కొత్త కంప్యూటర్ కొనాలా?

ఇంట్లో నాలుగైదేళ్ళుగా వాడుతున్న కంప్యూటర్ మందగించగానే కొత్తది కొనాలన్న ఆలోచన చాలా కుటుంబాల్లో తలెత్తుతుంది. పిల్లల పాఠాలు, ప్రవేశ పరీక్షల దరఖాస్తులు, ఇంటి జమాఖర్చులు దానిమీదే ఆధారపడి ఉన్నప్పుడు తొందరపడటం సహజమే. అయితే వేలాది రూపాయల ఖర్చుకు సిద్ధపడేముందు ఆ మందకొడితనానికి కారణమేమిటో తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము. కొన్ని సందర్భాల్లో కేవలం ర్యామ్ పెంచితే చాలు. మరికొన్ని సందర్భాల్లో ర్యామ్ ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు.

కంప్యూటర్‌ను వంటగదితో పోల్చి చూద్దాం. ప్రాసెసర్ వంట చేసే మనిషి. డిస్క్ సరుకులు దాచే కొట్టుగది. ర్యామ్ వంటగట్టు. అప్పటికప్పుడు కావలసిన సరుకులన్నీ గట్టుమీద పట్టినంతసేపూ పని చకచకా సాగుతుంది. గట్టు నిండిపోతే ఒక డబ్బాను కొట్టులో పెట్టి మరొకటి తెచ్చుకోవాలి. కంప్యూటర్‌లోనూ జరిగేది ఇదే. ర్యామ్ నిండినప్పుడు విండోస్ అందులోని కొంత సమాచారాన్ని డిస్క్‌కు తరలించి, అవసరమైనప్పుడు మళ్ళీ వెనక్కి తెస్తుంది.

ఈ రాకపోకలకయ్యే కాలమే మందగమనానికి మూలం. ర్యామ్ నుంచి సమాచారం అందడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. పళ్ళేలు తిరిగే పాత తరహా హార్డ్ డిస్క్‌లో ఒకచోటు వెదకి చదవడానికి 5 నుంచి 10 మిల్లీసెకన్లు, అంటే కనీసం 50,000 రెట్లు, పడుతుంది. మొదటిదాన్ని ఒక సెకనుగా ఊహించుకుంటే రెండవది దాదాపు 14 గంటలవుతుంది! ఎస్‌ఎస్‌డీ ఈ అంతరాన్ని బాగా తగ్గిస్తుంది గాని పూర్తిగా తొలగించలేదు.

మరి మన కంప్యూటర్ పరిస్థితి తెలుసుకోవడమెలా? రోజూ చేసే పనులన్నీ తెరిచి ఉంచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'పెర్ఫార్మెన్స్' విభాగంలో 'మెమొరీ' అన్నచోట చూడాలి. వాడకం తరచుగా 85, 90 శాతం దాటుతూ, అదే సమయంలో డిస్క్ కూడా ఊపిరాడకుండా పనిచేస్తుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. ముందుగా బ్రౌజర్‌లో అక్కర్లేని ట్యాబులను మూసి, కంప్యూటర్ తెరవగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములను తగ్గించి చూడాలి. అప్పటికీ మార్పు లేకపోతే ర్యామ్ పెంచడం సబబు.

వాడకం సగం దగ్గరే ఉండి కూడా కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే లోపం మరోచోట ఉన్నట్లే. ఖాళీగా ఉన్న గట్టును ఇంకా పెంచినందువల్ల వంట తొందరగా కాదు. అటువంటప్పుడు పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చుకోవడమే ఎక్కువ మేలు చేయవచ్చు.

చదువులకు, సాధారణ కార్యాలయ పనులకు 8 జీబీ సరిపోతుంది. వీడియోల కూర్పు, పెద్ద ప్రోగ్రాముల రచన వంటి పనులుంటే 16 జీబీ మంచిది. కొనేముందు మూడు విషయాలు గమనించాలి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 రకాలు ఒకదాని స్థానంలో మరొకటి అమరవు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు కనుక పెంచే వీలుండదు. 32 బిట్ విండోస్ సాధారణంగా 4 జీబీకి మించి వాడుకోలేదు.

మరొక మాట. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. ప్రాసెసర్ పాతదై విండోస్ 11కు అర్హత లేకపోతే, ఆ కొరతను ర్యామ్ తీర్చలేదు. అటువంటి యంత్రంపై డబ్బు పెట్టేముందు మరొకసారి ఆలోచించుకోవాలి.

గృహిణులు చీటీ రాసుకున్నాకే బజారుకు వెళ్తారు. కంప్యూటర్ దుకాణానికి వెళ్ళేముందు కూడా టాస్క్ మేనేజర్ చూపిన అంకెలను, ర్యామ్ రకాన్ని ఒక కాగితంపై రాసుకుని వెళ్ళమని పాఠకులకు మా సూచన. అమ్మేవారు ఏది చెప్పినా, మనకు కావలసినదేదో అప్పుడు మన చేతిలోనే ఉంటుంది.