మిగిలింది కాదు, వండింది పెడదాం!

మా జూలీకి అన్నం పెట్టడమంటే మొన్నమొన్నటిదాకా చంటిపిల్లకి తినిపించినంత పని. పెరుగన్నం పెడితే వాసన చూసి, గుమ్మంలో పడుకునేది. "పొగరు దానికి! ఆకలేస్తే అదే తింటుంది" అనేవారు మా అత్తగారు. "పాపం, ఓ కోడిముక్క వెయ్యవోయ్" అనేవారు మావారు. ఇద్దరి మాటా విన్నాను. దాంతో జూలీ అన్నం మానేసి ముక్కల కోసం కాచుక్కూర్చోవడం నేర్చుకుంది. బొచ్చు రాలిపోతోంది, ఒకటే గోక్కుంటోంది.

పశువుల డాక్టరుగారు మొదట అడిగింది ఒకటే. "రోజూ ఏం పెడుతున్నారమ్మా? ఎంత పెడుతున్నారు?"

"మేం తినేదేనండీ, మిగిలింది" అన్నాను గర్వంగా.

ఆయన నవ్వలేదు. మన కూరల్లోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తాయట. ఉప్పు, కారం సంగతి సరేసరి. వట్టి పెరుగన్నంతో దానికి చాలినంత మాంసకృత్తులు అందవట. "కాకినాడలో ఉంటూ చేపల ఊసే ఎత్తరేం?" అన్నారు.

పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి వాళ్లం కదా! కానీ కుక్కకి పులస అక్కర్లేదు, పైగా దాన్నిండా ముళ్లే. కవళ్లు, కానాగంతల వంటి చవక చేపలు చాలు. వాటిలోని ఒమేగా-3 కొవ్వు చర్మానికీ, బొచ్చుకీ మంచిది. శుభ్రం చేసి ఉప్పు, కారం, చింతపండు, నూనె ఏవీ లేకుండా ఉడకబెట్టాలి. చల్లారాక ముళ్లన్నీ వేళ్లతో తడిమి తడిమి తీసెయ్యాలి. పచ్చిచేప పెట్టకూడదు, అందులో పరాన్నజీవులు ఉండొచ్చు. ఎండుచేపల్లో ఉప్పెక్కువ, అవీ వద్దు. మొదట చెంచాడు పెట్టి, రెండు మూడు రోజులు వాంతులు, దురదలు లేవని చూసుకున్నాకే పెంచాలి.

అలాగని చేపే భోజనం కాదు. ముళ్లు తీసిన చేపలో కాల్షియం చాలదు. అసలు తిండి డాక్టరు చెప్పిన కొలత ప్రకారం పెడుతూ, వారానికి రెండుసార్లు కాస్త చేప కలుపుతున్నాను. గిన్నె ఇరవై నిమిషాలుంచి తీసేస్తాను. మధ్యలో బిస్కెట్లూ, ముక్కలూ బంద్. మారాం దానంతటదే తగ్గింది. అయితే ఎప్పుడూ బాగా తినే కుక్క హఠాత్తుగా తిండి మానేస్తే మాత్రం అది మారాం కాదు, జబ్బు కావచ్చు. వెంటనే డాక్టరుకి చూపించాలి.

"కుక్కకి ముళ్లు తీసి పెట్టేదాన్ని నిన్నే చూశానమ్మా" అన్నారు అత్తగారు. మూగజీవిని కట్టేసి పెంచుకుంటున్నాం, దాని తిండి మన చేతిలోనే ఉంది. ఆపాటి శ్రమ పడలేకపోతే పెంచుకోవడమెందుకు?

ఇక అసలు సంగతి. ఆ రాత్రి అందరి భోజనాలయ్యాక కంచం పెట్టుకున్నాను. చేపల పులుసులో ముక్కలన్నీ అయిపోయాయి. తలకాయ, అడుగున కాస్త పులుసు, పొద్దుటి అన్నం ఉన్నాయి. పదిహేనేళ్లుగా నా భోజనం అదే. ఇన్నాళ్లూ మా ఇంట్లో మిగిలింది తినేవాళ్లం ఇద్దరమే, నేనూ జూలీనూ! జూలీ గురించి డాక్టరుగారు అడిగిన ఆ రెండు ప్రశ్నలూ నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

ఇప్పుడు పులుసు దించగానే ముందు నా ముక్క ఓ గిన్నెలో తీసి పెట్టుకుంటున్నాను. మొదటిరోజు మావారు వింతగా చూశారు. అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. మర్నాడు ఆవిడే ఓ గిన్నె తెచ్చి "నాక్కూడా తీసి ఉంచవే" అన్నారు. ఎన్నేళ్లుగా ఆవిడా తలకాయతోనే సరిపెట్టుకుంటున్నారో నేనెప్పుడైనా చూశానా?

మీ ఇంట్లో ఆ గిన్నె ఉందా?