ఇంటి ముచ్చట్లు: నాలుగా, రెండా?

మా వాడు ఈ ఏడు పి.యు.సి. రెండో సంవత్సరం. లెక్కలకు జంకడు గాని, ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే మొహం చిన్నబుచ్చుకుంటాడు. మొన్నటి పరీక్షలో వచ్చిన మార్కులు చెప్పలేక జవాబు పత్రాన్ని పుస్తకాల అడుగున దాచాడు. అది నా కంట పడింది. కోప్పడదామంటే, నేనా మెట్రిక్‌తో ఆగి గుమాస్తా పనిలో పడ్డవాణ్ణి, ఏమని కోప్పడను?

ఆఫీసులో ఒకాయన చెప్పగా అభ్యాసానికి ఒక సాఫ్ట్‌వేరు పెట్టించాను. తెర మీద అణువు బొమ్మ గీస్తే తప్పొప్పులు అప్పటికప్పుడే చెబుతుంది. ఇది నిన్నమొన్నటి వింత కాదు. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో 1960లో మొదలైన 'ప్లేటో' కంప్యూటరు బోధనలో స్టాన్లీ స్మిత్ అనే ఆచార్యుడు ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠాలు కూర్చాడు.

వారం రోజులు మా వాడు ఉత్సాహంగానే కూర్చున్నాడు. పక్కన కూర్చుని చూద్దును గదా, ఆలోచించడమే లేదు! ఎర్ర గుర్తు వస్తే ఇంకొకటి నొక్కడం, పచ్చ గుర్తు వచ్చేదాకా అదే పని. మా అమ్మ మంచం మీంచే అన్నది: "దిద్దేది యంత్రమైతే, దిద్దుకునేది ఎవర్రా?"

ఆ మాటతో ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాను: ముందు కాగితం మీద, తర్వాతే తెర మీద.

ఆ రాత్రి ప్రశ్న: ఆరు కార్బన్లు, పద్నాలుగు హైడ్రోజన్లు గల హెక్సేనుకు ఐసోమర్లెన్ని? వాడు ఆరు గీశాడు. తెర ఒప్పుకోలేదు. వాడు గీసిన వాటిలో 2-మిథైల్ పెంటేన్ ఒకటి, 4-మిథైల్ పెంటేన్ ఇంకొకటి. రెండో బొమ్మను పబ్‌కెమ్‌లో వెతికించాను. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థ 2004 నుంచి నడుపుతున్న ఉచిత భాండాగారమది. అక్కడ దాని పేరూ 2-మిథైల్ పెంటేన్ అనే వచ్చింది!

మా ఆవిడ నానబెట్టిన సెనగలు, నాలుగు చీపురుపుల్లలు ఇచ్చింది. అయిదు సెనగలు వరసగా గుచ్చి, కొస నుంచి రెండోదానికి ఇంకొకటి తగిలించాడు. దాన్ని చేతిలో అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "నాన్నా, ఆ కొస నుంచి నాలుగంటే ఈ కొస నుంచి రెండే! ఉన్నవి అయిదే!" అని కేకేశాడు.

మర్నాడు దాచిన జవాబు పత్రం తానే తెచ్చి నా ముందు పెట్టాడు. పిల్లలకు ఇటువంటి సాధనాలు కొనిచ్చే తల్లిదండ్రులకు నా మనవి ఒకటే: పక్కన ఒక కాగితమూ, కాసేపు మీరూ ఉండండి.