దుకాణం తెరిచే ముందు

2020లో రెండు నెలలకు పైగా దించి ఉన్న షట్టర్లు మళ్లీ పైకి లేచాయి. ఆ ఏడాది మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ దశలవారీగా సడలింది. జూన్ 8 నుంచి హోటళ్లకు, మాల్స్‌కు, ప్రార్థనా మందిరాలకు కూడా కేంద్రం అనుమతినిచ్చింది. హైదరాబాద్ పాతబస్తీలో గాజులు, బట్టలు, అత్తర్లు అమ్ముకునే సోదరులకు రంజాన్ మాసమే ప్రధానమైన వ్యాపార కాలం. 2020లో ఆ మాసం మూసిన తలుపుల వెనుకే గడిచిపోయింది. ఈద్ నమాజు సైతం మనం ఇళ్లలోనే చేసుకున్నాం. తెచ్చిన సరుకు అలమరాల్లో ఉండిపోయింది. అద్దె, జీతాలు, బాకీలు నెత్తిమీద నిలిచాయి. అలాంటి వ్యాపారి తొందరపడటం సహజం. కానీ వ్యాధి అప్పటికీ మన మధ్యనే ఉండింది.

‘రాసిపెట్టి ఉన్నది ఎలాగూ జరుగుతుంది’ అని అప్పట్లో కొందరు అన్నారు. అది అజాగ్రత్తకు తవక్కుల్ అని పేరు పెట్టడమే. సిరియా ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ నుంచి వెనుదిరిగినప్పుడు, దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. తాము ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయం వైపే సాగుతున్నామని ఆయన బదులిచ్చారు. జాగ్రత్త పడటం విశ్వాసానికి విరుద్ధం కాదని గ్రహించడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

మరి దుకాణంలో అన్నిటికన్నా పెద్ద ముప్పు ఏది? గుమ్మం దగ్గర శానిటైజర్ లేకపోవడం కాదు. జ్వరాన్ని దాచుకుని పనికి వచ్చే మనిషి. ఒంట్లో బాగాలేదని చెబితే కూలి పోతుందని భయపడే పనివాడు మాత్ర మింగి కౌంటర్ వెనుక నిలబడతాడు. తప్పు అతనిది కాదు, ఆ భయాన్ని కల్పించిన మనది.

ఉదాహరణకు లెక్క వేద్దాం. రోజుకు 400 రూపాయల కూలి ఉన్న వ్యక్తిని 14 రోజులు ఇంట్లో ఉంచి జీతమిస్తే అయ్యే ఖర్చు 5,600 రూపాయలు. అతని ద్వారా మిగిలిన నలుగురికీ వ్యాధి సోకి దుకాణమే మూతపడితే, అద్దె, జీతాలు, వైద్య ఖర్చులు ఎన్ని రెట్లవుతాయో ఊహించవచ్చు. కనుక ‘జ్వరం వస్తే చెప్పండి, జీతం ఆగదు’ అన్న మాటను తెరిచే రోజునే అందరి ఎదుట చెబుదాం, నిలబెట్టుకుందాం.

అయితే లక్షణాలు కనిపించక ముందే వ్యాధి ఇతరులకు సోకగలదు. అందుచేత తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనిద్దాం. లోపల ఒకేసారి ఎందరు ఉండాలో నిర్ణయించి, మిగతావారిని బయట దూరదూరంగా నిలబెడదాం. టీ తాగేటప్పుడు, అన్నం తినేటప్పుడు మాస్కులు దిగుతాయి. ఆ వేళలను విడివిడిగా ఏర్పాటు చేద్దాం. ఇంట్లో వృద్ధులు, మధుమేహ రోగులు ఉన్నవారికి జనం తాకిడి తక్కువగా ఉండే పని అప్పగిద్దాం.

డబ్బు విషయంలోనూ ఇదే వివేకం అవసరం. పాత సరుకు కదలకముందే కొత్త సరుకు కోసం అప్పు చేయరాదు. బ్యాంకు వాయిదాలకు 2020 ఆగస్టు 31 వరకు ఇచ్చిన మారటోరియం మాఫీ కాదు. ఆ కాలానికీ వడ్డీ పెరుగుతూనే ఉండింది. మళ్లీ మూయవలసి వస్తే గడిచేందుకు కనీసం ఒక నెల అద్దె, జీతాలు పక్కన పెట్టుకోవడం ఉత్తమం. స్తోమత గల బంధువులు చిన్న వ్యాపారికి వడ్డీలేని రుణమిచ్చి ఆదుకోవడానికి ఇంతకు మించిన సమయం ఉండదు.

లాభం మనది, ముప్పు పనివాడిది అయ్యే వ్యాపారం న్యాయమైనది కాదు. సాయంత్రం షట్టరు దించేటప్పుడు గల్లాపెట్టెతో పాటు ఈ లెక్కనూ చూసుకుందాం. మన దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరూ క్షేమంగా ఇల్లు చేరేలా, మన సంపాదనలో శుభం ఉండేలా అల్లాహ్ అనుగ్రహించుగాక. ఆమీన్.