గాజు ఆకురాయి

ఆకురాయి అనే మాటలో ఆకు వుంది, రాయి వుంది. వస్తువులో మాత్రం ఆ రెండూ లేవు, వున్నదల్లా ఇనుము. కంసాలి ముందు పీటమీదా, కమ్మరి కొలిమి దగ్గరా, సైకిలు షాపు పెట్టెలోనూ చిన్నప్పటినుంచీ నేనెరిగిన ఆకురాయి అదే. ఇప్పుడు ఆ ఇనుము కూడా పోయి గాజు వచ్చిందిట. ఈ సంగతి మా మనవడి వల్ల తెలిసింది. తెలుసుకున్నందుకు నేను చెల్లించుకున్నది చిల్లర డబ్బులు కాదు. అదే ఈ వారం కబురు.

మా మనవడికి పదకొండేళ్ళు. సెలవులకి వస్తూ రెండు జతల బట్టలూ, ఒక అట్టపెట్టే తెచ్చుకున్నాడు. పెట్టెమీద ఇనప కవచం తొడుక్కున్న వీరుడి బొమ్మ. "ఎవర్రా ఈయన?" అంటే, "గండమ్, తాతయ్యా" అన్నాడు.

"అదేం పేరురా, పొద్దున్నే గండం అంటావు!" అని మా ఆవిడ రెండు చెంపలూ వాయించుకుంది.

గండం కాదట. 1979లో జపాను టెలివిజనులో వచ్చిన కథలో కథానాయకుడు తోలే మరమనిషి అది. కథలో దాని ఎత్తు 18 మీటర్లు. మరుసటి ఏడు, అంటే 1980లో, దాన్ని ప్లాస్టిక్కుతో ఎవరికి వారే కూర్చుకునే బొమ్మగా అక్కడ అమ్మకానికి పెట్టారు. నాటినుంచి నేటివరకూ రకరకాలుగా వస్తూనే వున్నాయి. మావాడు తెచ్చినది అసలులో 144వ వంతు. అంటే పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడులో సగం కాస్త పైన.

తీరా పెట్టె విప్పితే లోపల బొమ్మే లేదు! ప్లాస్టిక్కు చట్రాలు నాలుగైదు, వాటికి తీగకు కాయల్లా చిన్న చిన్న ముక్కలు వేళ్ళాడుతున్నాయి. అందులో చెయ్యి ఏదో, మోకాలు ఏదో పోల్చుకుని, కత్తిరించి, ఒకదాన్నొకటి నొక్కి కూర్చుకోవాలి. జిగురు అక్కర్లేదు, రంగూ అక్కర్లేదు. నీలం ముక్క నీలంగానే, ఎర్రముక్క ఎర్రగానే పోతపోసి వుంటుంది.

చిక్కల్లా ఒక్కటే. ముక్క చట్రాన్ని అంటుకుని వున్నచోట కత్తిరిస్తే చిన్న బొడిపె మిగులుతుంది. దాన్ని వాడు ఇంగ్లీషులో ఏదో అన్నాడు. "తొడిమ అనరా" అన్నాను నేను. ఆ మాట వాడికి నచ్చింది. ఆ సెలవులన్నాళ్ళూ తొడిమే.

తొడిమ తీయడంలోనే వుంది పనితనమంతా. వంకాయకు కోసినట్టు ఒక్క దెబ్బకు మొదలంటా కోస్తే ఆ చోట తెల్లబడుతుంది. ఆ ప్లాస్టిక్కు పేరు పాలిస్టైరీను. దాన్ని వంచినా నలిపినా లోపల కంటికానని సన్నని చీలికలు పడతాయి. వెలుతురు వాటిమీద పడి చెదిరిపోతుంది, అంచేత తెల్లమచ్చలా కనిపిస్తుంది. తెల్లముక్కమీద అయితే దాగుతుందిగాని, నీలం మీదా నలుపు మీదా అయితే సున్నపు చుక్కే. అందుకని మావాడు ముందు దూరంగా ఒకసారి కత్తిరించి ముక్కను విడదీసుకుంటాడు. తరువాత దగ్గరగా ఇంకొకసారి. అప్పుడు కూడా వెంట్రుకవాసి వుంచేసి, ఆ మిగిలినదాన్ని గాజు ఆకురాయితో అరగదీస్తాడు.

గాజు ఆకురాయి అంటే వేలెడు పొడుగున్న గాజు పలక. చూడ్డానికి పలచటి మంచు పట్టినట్టుంటుంది. ఉప్పుకాగితానికి ఇసుక అంటించినట్టు దీనికి ఏదీ అంటించరు. గాజునే తొలిచి, వరుసలు తీర్చిన సన్నని పళ్ళు పుట్టిస్తారు. గాజును తినే ఆమ్లం ఒకటుంది, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. ఇలాంటి పనులకు పనికివచ్చేది అదే. ఆడవాళ్ళ గోళ్ళకు వాడే గాజు ఆకురాళ్ళు ముందు చెక్ దేశపు గాజు పనివాళ్ళ చేతుల్లోంచి వచ్చాయి. బొమ్మలు కూర్చేవాళ్ళకు వచ్చినవి వాటి చెల్లెళ్ళనుకోండి, పళ్ళు ఇంకా సన్నం.

"ఉప్పుకాగితం లేదుట్రా?" అన్నాను.

"వుంది తాతయ్యా. కాని నాలుగు వందల నంబరు, తరువాత ఆరువందలు, ఎనిమిదివందలు, వెయ్యి, ఇలా ఒకదాని తరువాత ఒకటి రుద్దాలి. పైగా కాగితం వంగుతుంది. వంగితే మూలలు గుండ్రంగా అయిపోతాయి. గాజు వంగదుగా" అన్నాడు. తన దాచుకున్న డబ్బుతో కొన్నాడుట, ఆరు నెలలు దాచి.

వాడు పనిచేస్తుంటే పక్కన కూచుని చూడడం నాకు కాలక్షేపమయింది. షిర్ షిర్ మని చీమ నడిచినంత చప్పుడు. నాలుగుసార్లు అటు తోసి, వేలితో తడిమి, మళ్ళీ రెండుసార్లు. మచ్చ మాయం, పైగా మెరుపు!

ఒకనాడు మధ్యాహ్నం వాడు నిద్రపోతున్నాడు. బల్లమీద నీలం ముక్క ఒకటి వుంది, మరమనిషి ఛాతీ. దాని తొడిమ ఇంకా వుంది. పక్కనే ఆకురాయి. నాకు చేతులు దురద పెట్టాయి.

మొదట బాగానే నడిచింది. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. ఆకురాయి జారుతోందే తప్ప కొరకడం లేదు. ఆగిపోయి ఏమిటా అని చూడవలసింది. నేను ఆగలేదు, నొక్కాను. ముప్ఫయ్యేళ్ళు ఆఫీసులో కాగితాలమీద రబ్బరు ముద్ర కొట్టిన చెయ్యి, అది పడకపోతే గట్టిగా నొక్కడమే దానికి తెలిసిన విద్య. నొక్కేసరికి కర్రుమంది. ముక్కమీద రెండు గీతలు పడ్డాయి, కత్తిలా వుండవలసిన మూల గుండ్రంగా తేలింది. ఆకురాయి చూస్తే తెల్లగా మీగడ కట్టినట్టుంది, పళ్ళన్న మాటే లేదు.

'అరిగిపోయిందన్నమాట. నాలుగు రోజులకే అరిగే ఆకురాయి ఎవడిక్కావాలి?' అనుకున్నాను. అనుకుని, ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను గాని, దాన్ని పాత పేపర్లో పొట్లం కట్టి చెత్తబుట్టలో పడేశాను. ముక్కను అడుగున పెట్టి, మిగిలినవి దానిమీద కప్పేశాను.

సాయంత్రం మావాడు ఇల్లంతా వెతికాడు. మంచం కింద, దిండు కింద, నా పుస్తకాల వెనక. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

"పొద్దున పనిమనిషి ఆ గది తుడిచింది. గాజుముక్క అనుకుని ఎక్కడైనా పారేసిందేమో, రేపు అడుగుతాను" అంది మా ఆవిడ.

నేను పేపరు చదువుకుంటున్నాను. అంటే పేపరు మొహానికి అడ్డంగా వుంది.

ఆ రాత్రి అన్నం సయించలేదు. రేపు చెబుదాంలే అని ఒక మనసు, కొత్తది కొని ఇచ్చేస్తే సరి, చెప్పడమెందుకని ఒక మనసు. అలా తెల్లారింది.

పనిమనిషి వచ్చింది. ఆమె మా ఇంట తొమ్మిదేళ్ళుగా చేస్తోంది. మా ఆవిడ మెత్తగానే అడిగింది: "పిల్లవాడి బల్లమీద గాజుపలక ఒకటి వుండాలి, నువ్వుగాని తీశావా?"

"నేను తియ్యలేదమ్మగారూ" అంది.

అంతే అంది. కాని తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమె మా ఇంట్లో అనవలసి రావడం అదే మొదటిసారి. ఆమె చీపురు గోడకు ఆనించి, చేతులు తుడుచుకుని నిలబడ్డ తీరు చూసేసరికి నా చేతిలో పేపరు బరువెక్కింది.

"ఆమెను అడక్కు. పారేసింది నేను. ముక్క పాడుచేసిందీ నేనే" అన్నాను.

మా ఆవిడ నాకేసి ఒక్క చూపు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట కాఫీ రాలేదు. పనిమనిషి ఏమీ అనకుండా దొడ్లోకి వెళ్ళి, మున్సిపాలిటీ బండి ఇంకా రాలేదు గనక, బుట్టలోంచి పొట్లం తీసుకొచ్చి నా ముందు పెట్టింది.

"గాజు ఇలా కాగితంలో చుట్టి పడేస్తే, తీసేవాళ్ళ చెయ్యి తెగదా అయ్యగారూ?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. తప్పయిందన్నాను. "సర్లెండి" అని చీపురు తీసుకుంది.

మావాడు పొట్లం విప్పి చూసి, "అరిగిపోలేదు తాతయ్యా, నిండిపోయింది" అన్నాడు. ప్లాస్టిక్కు పొడి పళ్ళ సందుల్లో ఇరుక్కుంది, అంతే. పళ్ళు కప్పడిపోతే ఇంకెక్కడ కొరుకుతుంది? నొక్కినకొద్దీ ఆ పొడే ఉండకట్టి ముక్కను గీరింది.

వాడు చేసింది చూడండి. ముందు పొడి బ్రష్షుతో కాగితంమీదకి దులిపాడు. ఆ పొడి చెత్తలోకే గాని తూములోకి పోకూడదుట. తరువాత గోరువెచ్చని నీళ్ళూ, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్కా, పాత పళ్ళబ్రష్షూ. పళ్ళ వరుస ఎటుంటే అటే తోమాడు. గుడ్డతో ఒత్తి ఆరబెట్టాడు. అయిదు నిమిషాల్లో మళ్ళీ మంచు పట్టిన గాజు! పని మధ్యలో నిండితే కడగనక్కర్లేదుట, అంటుకునే టేపు ఒక ముక్క అదిమి లాగితే చాలావరకు పొడి దాంతో వచ్చేస్తుంది. మా ఆవిడ అలక మాని, సలసల కాగే నీళ్ళు పోస్తే ఇంకా బాగా పోతుంది కదా అంది. వద్దు సుమండీ! చల్లటి గాజుమీద ఉడుకునీళ్ళు పోస్తే చిట్లుతుంది. గోళ్ళరంగు తుడిచే అసిటోను గాజును ఏమీ చెయ్యదు గాని, పాలిస్టైరీనును కరిగించేస్తుంది. పళ్ళలో రంగో జిగురో పట్టినప్పుడే దాన్ని వాడాలి. అదీ బొమ్మకు దూరంగా. తరువాత సబ్బుతో కడిగి ఆరనివ్వాలి.

సాయంత్రం వాణ్ణి వెంటబెట్టుకుని మా వీధి చివరి కంసాలి దగ్గరకు వెళ్ళాను. ఆయన గాజు ఆకురాయిని దీపానికెత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. గోటిమీద రెండుసార్లు లాగి నవ్వాడు.

"మాకూ నిండుతుందండీ. అందుకని ముందే సుద్ద రాస్తాం. సుద్ద వుంటే రజను గట్టిగా పట్టదు. పట్టినా ఇత్తడి తీగల బ్రష్షుతో దులిపేస్తాం. దీనికి మాత్రం తీగ బ్రష్షు తగలనివ్వకండి. ఇనుమూ గీకకండి, సన్నపళ్ళు, విరుగుతాయి" అన్నాడు. నేను నొక్కిన సంగతి చెప్పాను. "కొరికే పని ఆకురాయిదండీ. మనం పట్టుకుని నడిపిస్తే చాలు" అన్నాడు.

ఆయన ఒళ్ళోని తోలుమీద పడ్డ బంగారు రజనంతా కుంచెతో ఊడ్చి డబ్బీలో పోసుకున్నాడు. మావాడు అది చూశాడు. ఆనాటినుంచి తానూ తడిగుడ్డ పరుచుకుని దానిమీదే అరగదీస్తున్నాడు, మూతికి గుడ్డ కట్టుకుని. నోటితో ఊదడం మానేశాడు. బంగారం కాకపోయినా ఊపిరిలోకి పోయే పొడే గదా!

మీ ఇంట్లోనూ ఇలాంటి బొమ్మలు కూర్చే పిల్లలుంటే ఇంకో రెండు మాటలు. గాజు పలక చదునుగా వుంటుంది గనక, చదునైనచోటా ఉబ్బెత్తుగా వున్నచోటా బాగా నడుస్తుంది. గుంటలోకి పోదు, అక్కడ ఉప్పుకాగితం చుట్టిన పుల్లే గతి. అద్దంలాంటి ముక్కలమీద గీత దాగదు, మెరుగుపెట్టే వీలుంటే తప్ప దాని జోలికి పోవద్దు. చప్పుడు ఆగిందంటే పని ఆపి ఆకురాయిని చూడమనండి. గచ్చుమీద పడితే పలుగుతుంది గనక పెట్టెలో దాచమనండి. పలిగితే అట్టపెట్టెలో పెట్టి, పైన 'గాజు' అని పెద్ద అక్షరాలతో రాసి, చెత్తబండివాడి చేతికే ఇయ్యండి.

నీలం ముక్కమీది గీతల్ని మావాడు పది మెత్తటి విసుర్లతో తీసేశాడు. మూల మాత్రం రాలేదు. పోయిన ప్లాస్టిక్కును ఏ ఆకురాయీ తిరిగి పెట్టలేదు గదా! ఆ ముక్కనే పెట్టి బొమ్మ పూర్తిచేశాడు. వెళ్ళేరోజున ఆకురాయి తీసుకెళ్ళి, బొమ్మను నా బల్లమీద వదిలి వెళ్ళాడు.

మొన్న బల్ల తుడుస్తూ పనిమనిషి దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఆ గాజుతో చేసింది ఇదేనా అయ్యగారూ?"

"ఇదే."

అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుంది. ఈ మూలొక్కటే కాస్త అరిగింది" అంది.

"అది నేను చేసింది" అన్నాను.

ఆమె నవ్వి, బొమ్మ కింద కూడా తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టింది.