జ్వరానికి సెలవెవరిస్తారు?



పోయిన వేసవిలో, తునికాకు సీజన్ మంచి జోరు మీదున్నప్పుడు మా అమ్మకి చలిజ్వరం వచ్చింది. ఆశా అక్క వచ్చి వేలు గుచ్చి చూసింది. మలేరియా, వైవాక్స్ రకం. మూడు రోజుల క్లోరోక్విన్, 14 రోజుల ప్రిమాక్విన్ మాత్రలు ఇచ్చింది. "వదినా, పద్నాలుగు రోజులూ ఆపకు. తిన్నాకే వేసుకో. రెస్ట్ తీసుకో" అని చెప్పి పోయింది.

మూడో రోజుకి జ్వరం దిగింది. నాలుగో రోజు తెల్లారుజామున లేచి చూస్తే అమ్మ మంచం మీద లేదు. అడవికి పోయింది.

సాయంత్రం కల్లంలో కట్టలు అప్పజెప్పి వచ్చాక నేను గట్టిగానే అరిచా. "నా జ్వరం తగ్గేదాకా ఆకు ఆగుద్దా బిడ్డా? ముదిరిపోద్ది" అంది. అంతే. చీకటితో ఖాళీ కడుపున పోవడం, ఎండ నెత్తి మీదకొచ్చాక రావడం. ఆ కడుపులో ప్రిమాక్విన్ పడితే మంట, వాంతులు. ఆరో రోజుకి మాత్రలు ఆపేసింది. వానాకాలం నాట్లప్పుడు మళ్లీ అదే జ్వరం. ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడ ఒకాయన, "మీవాళ్లకి అవగాహన లేదయ్యా, మందులు పూర్తిగా వాడరు" అన్నాడు.

ఆ మాట దగ్గరే నాకు పేచీ. జ్వరం తగ్గినా వైవాక్స్ క్రిమి కాలేయంలో దాక్కుని మళ్లీ లేస్తుందని, దాన్ని చంపడానికే ఆ 14 రోజుల మందని మా అమ్మకి తెలుసు. ఆశా అక్క విడమరిచి చెప్పింది. అమ్మకి లేనిది అవగాహన కాదు, సెలవు.

తునికాకు 50 ఆకులకు ఒక కట్ట. కల్లానికి ఎన్ని కట్టలు తెస్తే అంతకే డబ్బులు. సీజన్ ఉండేదే కొన్ని వారాలు. అందులో పది రోజులు పడుకుంటే పిల్లల ఫీజులకి, వానాకాలం విత్తనాలకి అనుకున్న డబ్బు పోయినట్టే. ఇప్పపువ్వుకీ, చింతపండుకీ, పోడుకీ ఇదే లెక్క. సంతలో కూరగాయలు అమ్మే అక్కకీ, ఫైనాన్స్ మీద ఆటో తీసుకున్న మన తమ్ముళ్లకీ ఇదే లెక్క. "మీరు సొంత పని చేసుకునేవాళ్లు, మీకు యజమాని లేడు" అంటారు. నిజమే. యజమాని లేడు కాబట్టి సెలవు చీటీ ఎవరికి రాయాలో కూడా తెలీదు.

జబ్బు చేస్తే మనం ఏం చేస్తున్నాం? ముందు కోళ్లు పోతాయి, తర్వాత మేక. అదీ చాలకపోతే సంత షావుకారు దగ్గర అడ్వాన్సు. చెట్టు మీదున్న చింతపండు అక్కడే, ఆయన చెప్పిన రేటుకే అమ్ముడుపోద్ది. డ్వాక్రా కిస్తీకి మాత్రం జ్వరం రాదు, తేదీకి వచ్చేస్తుంది.

"ఆరోగ్యశ్రీ ఉంది కదా?" అని అడుగుతారు. ఉంది, మంచిదే. అది ఆసుపత్రి బిల్లు కడుతుంది. ఇంట్లో పొయ్యి వెలిగించదు. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా ఉంది. ప్రమాదంలో చస్తే రెండు లక్షలు, జ్వరంతో పడుకుంటే సున్నా. 2008 అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం స్వయం ఉపాధివాళ్లని కూడా కార్మికులే అంది. అందులో ఆరోగ్యం, ప్రసూతి, వృద్ధాప్యం అనే మాటలుండేవి. జబ్బు పడ్డ రోజుకి కూలి అనే మాట మాత్రం ఉండేది కాదు.

మేం కొత్త వింత కోరికేం కోరట్లేదు. ఈఎస్ఐ కింద జబ్బు పడ్డ ఫ్యాక్టరీ కార్మికుడికి జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. మాతృవందన పథకంలో తొలి కాన్పుకి ఇచ్చే 5,000 రూపాయలు కూలి నష్టానికేనని ప్రభుత్వమే రాసుకుంది. 2019 చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆపరేషన్ అయినవాళ్లకు ఇంటి దగ్గర కోలుకునే రోజులకి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చే పథకం పెట్టింది. టీబీ రోగికి తిండి కోసం నెలకు వెయ్యి ఇస్తున్నారు. అంటే మనిషి విశ్రాంతికి డబ్బు కావాలని సర్కారుకి తెలుసు. కోత పడితే ఇచ్చారు, కాన్పు అయితే ఇస్తారు. ఏజెన్సీని ఏటా పడుకోబెట్టే జ్వరానికి ఎందుకివ్వరు?

మా ఊళ్లో కుర్రోళ్లం ఒక ప్రయత్నం చేశాం. సీజన్లో ఎవరైనా జబ్బు పడితే మిగతా ఇళ్లవాళ్లు రోజుకు రెండేసి కట్టలు ఆ ఇంటి పేరు మీద కల్లంలో వేయాలి. ఇదేం కొత్త కాదు, మన పెద్దోళ్లు ఒకరి చేలో ఒకరు చేసుకున్న బదులు పనే. రెండిళ్లకి బాగానే ఆసరా అయ్యింది. కానీ వానలు పడి ఇంటికొకరు పడుకున్నప్పుడు ఎవరు ఎవరి పని చేస్తారు? ఊరంతా ఒకేసారి జబ్బు పడితే ఊరి నిధి నిలబడదు. అందుకే సర్కారు పూచీ కావాలంటున్నాం.

మేం అడిగేది ఇది:

1. రక్తపరీక్షలో మలేరియా తేలినా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు విశ్రాంతి రాసినా, ఆ రోజులకి కనీస కూలి బ్యాంకు ఖాతాలో పడాలి. ఆసుపత్రిలో చేరితేనే అనే షరతు వద్దు.

2. అదే చీటీ చూపిస్తే సంఘం అప్పు కిస్తీ, ఆటో కిస్తీ ఒక నెల వాయిదా పడాలి. దానిమీద జరిమానా ఉండకూడదు.

3. తునికాకు ఆదాయంలో ఒక వాటా గ్రామసభ పేరు మీద జబ్బుల నిధిగా ఉంచాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ ఆకు మీద హక్కు మనదే.

వచ్చే గ్రామసభలో ఈ మూడూ తీర్మానం రాయించండి. ఎవరు ఎన్ని రోజులు పడుకున్నారో, ఎంత నష్టపోయారో మీ ఊరి కుర్రోళ్లు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. లెక్క చూపించకుండా అడిగితే ఆఫీసులో ఎవరూ వినరు.

మా అమ్మకి రెండోసారి జ్వరం వచ్చినప్పుడు నాటు నేనూ తమ్ముడూ వేశాం. అమ్మ 14 రోజులూ అన్నం తిని మాత్రలేసుకుంది. ఇంట్లో ఎదిగిన పిల్లలున్నారు కాబట్టి అమ్మకి ఆ సెలవు దొరికింది. ఎవరూ లేని ఒంటరి అవ్వకి ఎవరివ్వాలి?