నేపథ్యగృహములోని కుంచెలు

గత వార్షికోత్సవము ముగిసిన మరుసటి సోమవారమున ఎనిమిదవ తరగతి బాలికలు నలుగురు కన్నులెర్రబడి పాఠశాలకు వచ్చిరి. ఐదవ బాలిక రానేలేదు. అవి ఊరంతయు కండ్లకలకగా నున్న దినములు గనుక, నాటకమువలననే వచ్చినదని మేము రూఢిగా చెప్పజాలము. కాని ఆ రాత్రి నటులందరి కన్నులకు గీత తీర్చిన కుంచె ఒక్కటే. అది పదునేడు ముఖములను చుట్టివచ్చినది. లెక్కించినవారము మేమే, కుంచె పట్టినవారమును మేమే. కావున ఈ వ్యాసము పరుల నేరమెన్నుటకు గాదు.

పాఠశాల పత్రికలో ముఖమునకు రంగు పూయుటను గూర్చి వ్రాయదగునా యని కొందరు తల్లిదండ్రులు సందేహింపవచ్చును. ముఖాలంకారము మంచిదా చెడ్డదా యను వాదములోనికి మేము దిగము. నాటకములాడించినంతకాలము రంగు తప్పదు, రంగున్నంతకాలము కుంచె తప్పదు. పళ్లు తోముకొను బ్రష్షును తోబుట్టువునకైనను ఈయని మనము కనురెప్పకు తగులు కుంచెను మాత్రము తరగతికంతటికి ఒక్కటిగా నుంచుట ఏమి న్యాయము?

కొనునప్పుడు మేము చేసిన మొదటి పొరపాటు పెట్టెను చూచి మురియుట. ఇరువదినాలుగు కుంచెలున్న పెట్టెను తెచ్చి ఐదింటిని వాడితిమి. తక్కినవి దేనికో నేటికిని మాకు తెలియదు. పొడి అద్దుటకు వెడల్పైన మెత్తనిది, తడిరంగు పూయుటకు దట్టమైన బల్లపరుపుది, కనుబొమకు ఏటవాలుగా నున్న చిన్నది, కంటిగీతకు సన్ననిది: పాఠశాల నాటకమునకు ఇన్ని రకములు చాలును. కొనకముందు చెంపపై రాచి చూడవలెను. గుచ్చుకొన్నను, వెండ్రుకలూడినను, పిడికిని వెండ్రుకకును నడుమనున్న లోహపు గొట్టము కదలినను అంగడివానికే తిరిగి ఈయవలెను.

వెండ్రుకను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. మేక, ఉడుత మొదలగు జంతువుల వెండ్రుకపై కంటికి కానరాని పొలుసులుండును. పొడి వానిని పట్టుకొని నిలుచును. నైలాను వంటి కృత్రిమపు పోగు నున్నన. తడిరంగును పీల్చదు, త్వరగా కడుగబడును. ఆ నైలాను 1938లో మొదట బజారుకెక్కినది పళ్ల బ్రష్షు రూపముననే యనుట విద్యార్థులకు వింతగా నుండును. ఇక ఒంటె వెండ్రుకయని అమ్మబడు కుంచెలలో ఒంటెది ఒక్క వెండ్రుకయు నుండదు. అవి తరచుగా ఉడుతవి. పేరునకును వస్తువునకును ఇంత దూరము!

ఇంతకన్న బాధాకరమైన సంగతి ముంగిసది. దాని వెండ్రుకతో చేసిన కుంచెలు, ముఖ్యముగా చిత్రకారులకై, మన దేశమున చాటుగా అమ్ముడుపోవుచున్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ముంగిసను చంపుటయు, దాని వెండ్రుకతో వ్యాపారము చేయుటయు నేరము. 2019లో ప్రభుత్వమువారు దేశమున పలుచోట్ల సోదాలు జరిపి అట్టి కుంచెలను పట్టుకొనిరి. మన చిత్రలేఖన తరగతిలోని పెట్టెలను సైతము ఒకమారు వెదకుట మంచిది. కొన నల్లగా, నడుమ లేతగా, మొదట మరల ముదురుగా నున్న వెండ్రుక కనబడినచో అనుమానింపవలెను. మా మట్టుకు నాటకమునకు కృత్రిమపు పోగే చాలునని నిశ్చయించుకొంటిమి.

మంచి కుంచె చేయుట చిన్న విద్య గాదు. జపానులో హిరోషిమా ప్రాంతమందలి కుమానో పట్టణము ఆ పనికి పేరుగాంచినది. అచటి పనివారు ముఖమునకు వాడు కుంచెల కొనలను కత్తిరింపరు. సహజమైన కొనలు చెడకుండ, వెండ్రుకలను అమర్చుటలోనే ఆకారము తెత్తురు. అందుచేతనే అవి చర్మమునకు మృదువుగా నుండును. 2011లో ప్రపంచపు ఫుట్‌బాల్ పోటీ గెలిచిన తమ మహిళలకు జపాను ప్రభుత్వము జాతీయ పురస్కారముతోపాటు ఈ కుంచెలనే బహూకరించినది. మా ఆటస్థలపు బాలికలు ఇది చదివి నవ్వుదురు కాబోలు.

అట్టి కుంచెయైనను మా ట్రంకుపెట్టెలో బ్రదుకదు. నాటకము ముగిసిన రాత్రి తడికుంచెలను అందులో పడవేసి తాళము వేసితిమి. పది మాసములకు తెరువగా బూజువాసన కొట్టినది. రెండింటి పిడులు ఊడివచ్చినవి. ప్రతిదినము వాడువారు ఏడు మొదలు పది దినములకొకసారి కడుగవలెనని అమెరికా చర్మవైద్యుల సంఘము చెప్పుచున్నది. కడుగుట కష్టము గాదు. కొనలు క్రిందికుండునట్లు పట్టి, గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బుతో, నీరు తేటపడువరకు కడుగవలెను. గొట్టములోనికి నీరు చేరినచో లోపలి జిగురు వదలును, కొయ్యపిడి ఉబ్బును. కావున గ్లాసులో నిలువుగా నుంచరాదు. వెండ్రుక బయటికుండునట్లు బల్ల అంచున పరుండబెట్టి ఆరనీయవలెను.

రాని ఐదవ బాలిక యింటికి మేము వెళ్లితిమి. నాటకమునాటి ఉదయముననే ఆమె కన్ను ఎర్రబడియుండెనట. చెప్పినచో వేషము పోవునని చెప్పలేదట. "మీరడుగలేదు గదా, అక్కా" అని ఆ పిల్ల మెల్లగా అన్నది. మేమడుగలేదు, నిజమే.

ఈ ఏడు కంటిగీత కుంచెను ఎవరిది వారికే, పిడిపై పేరు వ్రాసి ఈయవలెనని నాటకసంఘమును కోరుచున్నాము. దానికి వ్యయమెక్కువని ఇదివరకే ఒక మాట వినబడినది. క్రొత్త తెర మరియొక సంవత్సరము ఆగవచ్చును. కన్ను ఎర్రబడినవారికి రంగు పూయకయే వేషమీయవలెను. వెనుక వరుసకు రాజకుమారి కన్నుగీత కనబడకపోయిన ఏమి? రంగు వేయుటకు ముందు ప్రతివారిని అడుగుట మా పని. మిగిలిన మూడు కుంచెలు కడుగబడి, ఇది వ్రాయుచున్న బల్ల అంచున ఆరుచున్నవి.