విపత్తు ప్రణాళిక బీరువాలో ఉన్న చాలునా?

తుఫాను వెలిసిన తరువాత సహాయము కొరకు ఎదురుచూచుట మనకు అలవాటైనది. రాక ముందే చేయవలసిన పని చట్టములో వ్రాసియున్నదని చాలమంది ఎరుగరు.

2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టము 32వ సెక్షను ప్రకారము, జిల్లాలోని ప్రభుత్వ కార్యాలయములతోపాటు స్థానిక సంస్థలు కూడ విపత్తు ప్రణాళికలు తయారు చేయవలెను. పంచాయతీలు ఈ స్థానిక సంస్థలలో చేరినవే. ముప్పును తగ్గించుట, ముందుగా సిద్ధపడుట, ఆపద వేళ ఎవరేమి చేయవలెనో నిర్ణయించుట, ఈ మూడును అందులో ఉండవలెను. దానిని తరచు సరిచూచి, ప్రతిని కలెక్టరు అధ్యక్షతనున్న జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థకు పంపవలెను. సిబ్బందికి శిక్షణ ఇప్పించి, సామగ్రిని సిద్ధముగా ఉంచుట కూడ స్థానిక సంస్థల విధియేనని 41వ సెక్షను చెప్పుచున్నది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలాదిమందిని బలిగొన్నది. నేడు తుఫాను హెచ్చరిక కొన్ని రోజుల ముందే అందుచున్నది; ప్రాణనష్టము బాగుగా తగ్గినది. అయినను 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరము దాటినప్పుడు కోతకు వచ్చిన వరి నేలకొరిగినది, కోసిన పనలు నీట నానినవి. హెచ్చరిక అందిన ఆ కొద్ది రోజులలో ఎవరేమి చేయవలెనో చెప్పునదే ప్రణాళిక.

పొరుగూరి ప్రణాళికలో ఊరి పేరు మార్చి పంపినచో కాగితము మాత్రమే పూర్తియగును. మురుగుకాలువ ఎచ్చట పూడినది? పశువులను ఏ మెరకకు తోలవలెను? టార్పాలిన్లు, ఆయిలింజన్లు ఎవరి వద్ద ఉన్నవి? పల్లపు వీధిలో నడవలేని వృద్ధులెందరు? వారిని తీసికొనిపోవు బాధ్యత ఎవరిది? వీటికి జవాబులు కచేరీలో దొరకవు. ఊరివారి వద్దనే ఉండును.

గ్రామాధికారులకు పనుల ఒత్తిడి అధికమే. అయినను ఏటేట జూన్ నెలకు ముందొకసారి గ్రామసభలో ప్రణాళికను బిగ్గరగా చదివించి, తప్పులను అక్కడనే దిద్దించుటకు ఒక్క పూట చాలును. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పనియు కాదు. రైతు సోదరులు కూడ అధికారులదే భారమని ఊరకుండక, రాబోవు గ్రామసభలో "మన ఊరి విపత్తు ప్రణాళిక ఏది?" అని అడుగవలెను. అడుగువారున్నచో అది బీరువా దాటి బయటకు వచ్చును.